కదిలిన ఫిల్ము

మొన్నటి వానకు మిద్దె కారింది. సామాన్లు తడుస్తాయని అటక మీదివన్నీ కిందికి దించి, రేకుపెట్టె మూత తీశాను. పుల్లటి వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. మా ఆవిడ వంటింట్లోంచే అరిచింది, "ఏందది, ఊరగాయ చెడిపోయినట్టుంది, యాడ దాచిపెట్టినావు?" అని. ఊరగాయ కాదు. పెట్టె అడుగున ఖాకీ కవర్లో ఉన్న ఎక్స్‌రే ఫిల్ము. ఆ కాలం నాటి ఫిల్ములు ముసలివైతే పులుస్తాయట, కొందరు మనుషుల్లాగే. బయటికి లాగితే గలగలమంది. వాసన తగలగానే నా నడుము తనంతట తానే బిగుసుకుంది, ఊపిరి ఆగింది. నలభై ఏళ్లు దాటినా నా ఒళ్లు మాత్రం ఒక మనిషి మాట వింటూనే ఉంది. "ఊపిరి బిగబట్టు. కదలాకు."

ఆయన పేరు దేవదానం. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. డాక్టరు కాదు, ఆ మాట ఆయనే పదిమందికీ ముందుగా చెప్పేవాడు. పొట్టి మనిషి, నెరిసిన పొట్టి జుట్టు, ఫిల్ములు కడిగే మందునీళ్లలో నాని నాని గోధుమ రంగుకు తిరిగిన గోళ్లు. వక్క నములుతూ ఆ చీకటి గదికీ ఈ గదికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. కూర్చోగా నేను చూసింది తక్కువ. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. నంద్యాలలో కూడా ఇప్పుడు ఆ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు ఒకరిద్దరుంటారేమో. నా నడుములో ఉన్న మూడో పూస మాత్రం ఆయన్ను మరిచిపోలేదు.

నేను ఆళ్లగడ్డలో రాతిపని చేసేవాణ్ణి. మా తాత, మా నాయన, అందరిదీ దేవుళ్లను చెక్కే పనే. ఆ పనికి కావలసింది నిమ్మళం. నాకు లేనిదల్లా అదే. "వీడు పట్టుకునింది ఉలినా, తేలునా?" అని మా నాయన నలుగురి ముందూ నవ్వేవాడు. ఆయన పోయాక ఇరవై ఆరేళ్లకే బొమ్మలు చెక్కే కొట్టం నా చేతికొచ్చింది. అప్పటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి. ఒక బొమ్మ ముక్కు తీరకుండానే ఇంకో రాయికి గీతలు గీసేవాణ్ణి. నాకంటే వయసులో పెద్దవాళ్లైన పనివాళ్ల మీద కేకలేసేవాణ్ణి. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒక సంగతి దాచి చివర్లో చెప్పడం నాకు చేతకాదు, ఇప్పుడే చెప్పేస్తాను. డెబ్భైల చివర్లో కొలిమిగుండ్ల పక్క పల్లె నుంచి ఆంజనేయస్వామి విగ్రహం పని వచ్చింది. రాయి కొట్టంలోకి దిగిన రోజున దాన్ని సుత్తితో అంతటా తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల డొల్ల ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది. అలాంటిదాన్ని మా ఇంట్లో కడుపున్న రాయి అంటారు. దాన్ని గడప కింద వేసుకోవచ్చు, రోలు చేసుకోవచ్చు, దేవుణ్ణి మాత్రం చెయ్యకూడదు. తట్టడానికి మా నాయనైతే ఒక పూట తీసుకునేవాడు. నేను నాలుగు దెబ్బలు కొట్టి సరేలే అనుకున్నాను. ఐదు నెలలు చెక్కాక, స్వామి నడుము దగ్గర మొలతాడు తీస్తుంటే ఉలి సర్రున లోపలికి దిగింది. బొటనవేలు పట్టేంత డొల్ల! కొట్టంలో ఆ పూట ఎవరూ లేరు. పని వదిలేస్తే ప్రతిష్ఠ ఆగిపోతుంది, నా పేరు పోతుంది. రాతిపొడిలో లక్క కరిగించి కలిపి పూడ్చేశాను. ఆరాక నూరితే నాకే ఆనవాలు దొరకలేదు. పైగా ఆంజనేయుడికి ఎట్లాగూ నిలువెల్లా సిందూరం పూస్తారు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ప్రతిష్ఠ రోజు ఆ ఊరివాళ్లు నాకు కొత్త బట్టలు పెట్టి, మెడలో పూలమాల వేశారు. ఆ మాల ఎంత బరువుందో నాకే తెలుసు.

నాలుగైదు నెలలు తిరక్కుండానే నడుం నొప్పి మొదలైంది. మొదట పనివల్లే అనుకున్నాను. తర్వాత కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. ఎవరో చెబితే నడుము మీద వాతలు పెట్టించుకున్నాను. వాతలు మానాయి గానీ నొప్పి మానలేదు. రాతి దుమ్ముకు దగ్గు మాకు పుట్టుకతో వచ్చిన చుట్టం, అది కూడా తోడైంది. నంద్యాలలో ఉన్న మా అక్క చూసి, "ఇట్లనే ఉంటే మంచాన పడతావురా, పా ఆసుపత్రికి" అని లాక్కుపోయింది.

ఆ రోజు ఎక్స్‌రే గది ముందు జనం కిటకిటలాడుతున్నారు. కాలు విరిగినవాళ్లు, దగ్గేవాళ్లు, ఒకరి మీద ఒకరు. నన్ను చల్లటి బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి దేవదానం అన్నాడు, "ఊపిరి బిగబట్టు. నేను చెప్పేదాంక కదలాకు." మిషను గుయ్యిమంది. ఒక్క రెండు క్షణాల పని. మానీ మానని వాత ఒకటి బల్ల అంచుకు ఒరుసుకుని చురుక్కుమంది. కాలు ముడుచుకున్నాను, నడుము జరిగింది. ఆయన తడి ఫిల్మును క్లిప్పుతో పట్టుకుని చీకటి గదిలోంచి బయటికొచ్చి, వెలుతురుకెత్తి చూసి, నా మొహం చూశాడు.

"కదిలినావా?"

"లేదే."

"నిజంగా కదల్లేదా?"

"లేదంటాండా గదా సార్. ఇంకెంతసేపు పండుకోవాల ఈ బల్ల మీద?"

ఆయన ఇంకోసారి ఫిల్ము చూశాడు, తలుపు దగ్గర తోసుకుంటున్న జనాన్ని చూశాడు. ఏమనుకున్నాడో, ఫిల్మును ఆరేసే తీగకు తగిలించి, "ఇంకొకర్ని పంపండప్పా" అని కేకేశాడు.

డాక్టరు గారు ఆ ఫిల్ము చూసి, వెన్నులో క్షయ అన్నారు. తప్పు పట్టడానికి లేదు. ఆ రోజుల్లో వెన్నుపూసలో మచ్చ కనబడితే మా వైపు ఎవరైనా మొదట ఆ మాటే అంటారు. పైగా దగ్గు ఉంది, రాతి దుమ్ములో బతుకు. పూస అంచులు తినేసినట్టు మసకగా ఉన్నాయన్నారు. చెక్క మీద కదలకుండా పడుకోవాలి, రోజూ సూది వేయించుకోవాలి. మా అక్క ఇంట్లో వసారాలో చెక్కపలక వేశారు. నన్ను, ముళ్ల మీద కూర్చున్నట్టు బతికే నన్ను, పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దన్నారు! కప్పు దూలాలకున్న చెదల గీతలన్నీ నాకు కంఠతా వచ్చాయి. నా గ్లాసు వేరు, నా తట్ట వేరు. మేనకోడలు గడప అవతల నిలబడి "మామా, కత చెప్పు" అనేది, దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. పగలంతా ఊరికే ఒకటే ఆలోచన తిరిగేది. స్వామి నడుములో నేను లక్క కూరాను, స్వామి నా నడుము పట్టుకున్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు "నడుము ఎట్లుంది?" అన్నా నాకు గుండె జారిపోయేది.

రెండు నెలలకు మళ్లీ ఫిల్ము తీయించమన్నారు. ఈసారి జనం లేరు. దేవదానం ఇసుక సంచులు తెచ్చి నాకు రెండు పక్కలా పెట్టాడు.

"ఏం పని చేస్తావప్పా నువ్వు?"

"రాతిపని. బొమ్మలు చెక్కుతా."

"అట్లనా ఆచారీ! ఇంకేం, రాయి మాదిరి పండుకోవడం నీకు నేను నేర్పాల్నా? మనసులో ఉలి దెబ్బలు లెక్కపెట్టు. పది కొట్టేలోపల అయిపోతాది."

లెక్కపెట్టాను. ఏడో దెబ్బకే అయిపోయింది. ఆయన చీకటి గదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో రెండు ఫిల్ములున్నాయి, కొత్తదీ పాతదీ. నన్ను నెమ్మదిగా లేపి, వెనక దీపం వెలిగే పెట్టె ముందర నిలబెట్టాడు. ఆయన నోట్లో వక్క కూడా ఆగిపోయింది.

"నేను చెప్పను. నువ్వే చూడు. నీ కండ్లు రాతిలో గీత పట్టే కండ్లు. ఏం కనపడతాంది చెప్పు."

కొత్త ఫిల్ములో పూసలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టున్నాయి. మూడో దాని నడుమ నల్లటి గుండ్రం. దాని అంచు నేను సన్న ఉలితో తీసినంత శుభ్రంగా ఉంది. పైపూసకూ దానికీ మధ్య సందు, కిందపూసకూ దానికీ మధ్య సందు, రెండూ సమానంగా ఉన్నాయి. అదే చెప్పాను. పాత ఫిల్ములో అదే గుండ్రం అంచులు చెదిరి, చుట్టుపక్కలంతా తడిసిన కాగితంలా అలుక్కుపోయింది.

"క్షయ అయింటే ముందు ఆ సందునే తినేస్తాది. రెండు పూసల్ని కలిపి పట్టుకుంటాది. ఇది ఒక్క పూసలోనే, ఇల్లు కట్టుకున్నట్టు గీత గీసుకోని కూర్చునింది. ఇది ఏందో నాకు తెల్దు. నేను డాక్టర్ను కాను. కానీ పాతది..." అని ఆగాడు. "పాతది కదిలిన ఫిల్ము. నాకు ఆ పొద్దే తెలుసు."

కదిలింది నేను. అడిగితే కాదన్నదీ నేను. ఆయన నా వైపు చూడను కూడా లేదు, రెండు ఫిల్ములూ పట్టుకుని డాక్టరు గారి గదిలోకి నడిచాడు. తలుపు సగం తెరిచే ఉంది. బయట గోడ పట్టుకుని నిలబడి నేను అంతా విన్నాను.

"సార్, ఈ మనిషి మొదటి ఫిల్ము కదిలిందని తెలిసీ నేను మళ్లా తియ్యలేదు. జనం ఎక్కువుండారని దాటించినా. మీరు దాన్నిబట్టే రాసినారు. తప్పు నాది."

"నువ్వు ఫోటో తీసేవాడివా, చదివేవాడివా?" డాక్టరు గారి గొంతు లేచింది.

"తీసేవాణ్ణే సార్. అందుకే సరిగ్గా తియ్యలేదని చెప్పనీకి వచ్చినా."

ఆ తర్వాత డాక్టరు గారు దీపం పెట్టె మీట వేసిన చప్పుడు వినబడింది. ఆయన మంచివారే. కోపం దిగాక చూశారు, చూసి కర్నూలులో ఎముకల డాక్టరుకు ఉత్తరం రాసిచ్చారు. నన్ను పిలిచి, అది క్షయ కాకపోవచ్చని, ప్రాణం తీసే రాచపుండు కూడా కాకపోవచ్చని, లోపల డొల్ల ఉందని, పూస గోడ కోడిగుడ్డు పెంకంత పలచబడిందని చెప్పారు. అది కూలిందంటే కాళ్లు పడిపోతాయి, బరువు ముట్టుకోవద్దు, రేపే బయల్దేరమన్నారు. ఆ తర్వాత ఆయన దేవదానంతో ఏడాది పాటు సూటిగా మాట్లాడలేదట. పని చెప్పాలన్నా నర్సుతో చెప్పించేవారట. ఆ సంగతి నాకు చాలా కాలానికి తెలిసింది.

నేను కర్నూలుకు పోలేదు. డొల్ల అనే మాట చెవిన పడ్డాక ఇంక నా బుర్ర పనిచెయ్యలేదు. అదే మాట, అదే చోటు! ఇంక జోస్యం చెప్పేవాడు చెప్పాలా, సోదెమ్మ చెప్పాలా? కడుపున్న రాయిని ఏం చేస్తారో నాకు తెలియదా? పక్కన పడేస్తారు. నన్ను పక్కన పడేశాడు దేవుడు, ఇంక ఒళ్లు కోయించుకోవడం ఎందుకనుకున్నాను. అక్కకు కర్నూలు బస్సెక్కుతున్నానని చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కాను. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా పెంకు పగిలిందేమోనని కాళ్ల వేళ్లు ఆడించి చూసుకునేవాణ్ణి. చావాలనీ ఉంది, చస్తానేమోనని భయమూ ఉంది. ఇంతకంటే వెర్రితనం ఉంటుందా!

పది రోజులు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టం ముందు నిలబడ్డాడు దేవదానం. చర్చి నుంచి అటే బస్సెక్కినట్టున్నాడు, ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డసంచిలో బైబిలు. కర్నూలు నుంచి జవాబు రాలేదని ఆసుపత్రిలో తెలిసి, మా అక్కను మా ఊరి జాడ అడిగి వచ్చాడట.

"కర్నూలుకు పోలేదా ఆచారీ?"

"పోతాలేన్నా."

"ఎప్పుడు? పూస కూలినంకనా?"

ఆయన కూర్చోమన్నా కూర్చోకుండా రాళ్ల మధ్య తిరిగాడు. చిన్న సుత్తి తీసుకుని, "రాయి మంచిదో కాదో మీకు ఎట్ల తెలుస్తాది?" అని అడిగాడు. తట్టి వినాలన్నాను. ఒకదాన్ని తట్టాడు, ఖంగుమంది. ఇంకోదాన్ని తట్టాడు. మూలన పడేసినదాన్ని తట్టి ఆగాడు.

"ఇదేంది, ఇట్ల మూల్గుతాంది?"

"అది కడుపున్న రాయన్నా. లోపల డొల్ల. దేవుడికి పనికిరాదు."

అంతే. ఏడుపు ఎట్లా వచ్చిందో తెలియదు. మా కులంవాళ్లకు, మా అక్కకు చెప్పుకోలేనిది, ఆంజనేయుడికి మొక్కని ఆ మనిషి ముందు మొత్తం కక్కేశాను. రాయి, లక్క, సిందూరం, మెడలో మాల, అన్నీ. అయిపోయాక ఆయన వక్క ఉమ్మి వచ్చి, మొదటిసారి నా ఎదురుగా రాయి మీద కూర్చున్నాడు.

"ఆ బొమ్మ పూడ్చి ఎన్నాళ్లాయ?"

"ఏడాది నిండలేదు."

"నీ ఎముకలో డొల్ల అప్పటికే ఉండింటాది. దినంలో నెలలో అయ్యే పని కాదది. మీ దేవుడు నీ ఎన్నులో ఉలి పెట్టలేదప్పా. ఏ దేవుడూ అట్లాంటి పని చెయ్యడు."

"అయితే నా తప్పేం లేదంటావా?"

"నేనట్లన్నానా? తప్పు తప్పే. ఈ నొప్పి దానికి శిక్ష కాదంటాండా, అంతే. రెండిట్నీ కలిపి ముడెయ్యాకు. పూసకేమో కర్నూలుకు పో. బొమ్మకేమో ఆ ఊరికి పో."

"ముందు యాడికి?"

"ఆ ఊరికి నడిచిపోవాలంటే కాళ్లుండాల గదప్పా! ముందు కర్నూలు."

ఇద్దరం నవ్వాం. నవ్వితే నడుము కలుక్కుమంది, అయినా నవ్వాను. తర్వాత ఆయన నేల చూస్తూ అన్నాడు, "డాక్టరు ముందర నిలబడినప్పుడు నా పని పోయిందనే అనుకున్యా ఆచారీ. ఇరవై ఏండ్ల నౌకరీ. నీ కొత్త ఫిల్ము ఆరేదాంక ఆ చీకటి గదిలోనే నిలబడి, చెప్పాల్నా వద్దా అని కొట్టుకున్యా. చెప్పినంక ఇంటికి పోయి కడుపునిండా సంగటి తిన్యా." అప్పుడు చెప్పాల్సింది నేను. "అన్నా, నువ్వడిగినప్పుడు నేను అబద్ధం చెప్పినా" అని. దేవుణ్ణి మోసం చేసిన సంగతి చెప్పగలిగిన నోటికి ఆ చిన్న మాట రాలేదు. ఎందుకో ఈనాటికీ నాకు అంతుపట్టదు.

మర్నాడు సెలవు పెట్టి ఆయనే నన్ను కర్నూలు తీసుకుపోయాడు. అక్కడి ఎముకల డాక్టరు ఫిల్ము చూసి ముందుకు వంగారు. ఇలాంటి డొల్లలు ఎదిగే పిల్లలకు చేతి ఎముకల్లో, తొడ ఎముకల్లో వస్తాయని, పెద్దవాళ్లకు వెన్నుపూసలో రావడం తాను పుస్తకంలో చదవడమే గానీ చూడలేదని అన్నారు. మర్నాటినుంచి చదువుకునే డాక్టర్లు గుంపులుగా వచ్చి నా నడుము చూసిపోయేవాళ్లు. తిరునాళ్లలో రెండు తలల దూడను చూసినట్టే చూశారు. పక్కనుంచి కోసి పూసను తెరిస్తే లోపల చీము లేదు, గడ్డ లేదు, తేరిన పసుపుపచ్చని నీళ్లు ఉన్నాయట. ఆ నీళ్లు తీసేసి, గోడలు గోకి, నా తుంటి ఎముకలోంచే ముక్కలు తీసి ఆ డొల్లలో కూరి పూడ్చారు. మెలకువ వచ్చాక డాక్టరు గారు ఈ మాట చెబితే, మంచం పక్కనున్న దేవదానం వైపు చూశాను. "విన్నావా ఆచారీ," అన్నాడు, "లక్క కాదు. నీ ఎముకే." పక్క మంచాలవాళ్లకు మేమెందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు.

మూడు నెలలు పిండికట్టులో ఉన్నాను. అది తీసేసిన వారానికి కొలిమిగుండ్ల పక్కనున్న ఆ పల్లెకు బయల్దేరాను. గుడి ముందు నలుగురు పెద్దల్ని కూడగట్టి చెప్పేశాను. ఒకాయన చెప్పు తీయబోయాడు. "దేవునితోనే మోసమా? ప్రతిష్ఠ చేసినామే, ఊరంతా అన్నం పెట్టినామే!" అని ఇంకొకాయన నుదురు కొట్టుకున్నాడు. తలవంచుకుని నిలబడ్డాను. గుడిలో పూజ చేసే ముసలాయన మాత్రం మెట్ల మీద కూర్చుని మెల్లగా అన్నాడు, "నడుము కాడనా అప్పా? ఆడ సిందూరం పట్టదు. ఎన్ని తూర్లు పూసినా పెచ్చులూడొస్తాది. స్వామికి ఆడ నొప్పేమో అనుకోని, దినామూ ఒక చెయ్యి ఎక్కువ నూనె రాస్తాండా." తిట్లకు రాని కన్నీళ్లు ఆ మాటకొచ్చాయి.

కొత్త విగ్రహానికి ఎనిమిది నెలలు పట్టింది. అరగంట కూర్చుంటే లేచి తిరగాలి, తిరిగితే మళ్లీ కూర్చోవాలి. కుదురు లేని మనిషికి కుదురుగా కూర్చోలేని నడుము! రాయిని తట్టడానికే ఈసారి రెండు రోజులు తీసుకున్నాను. బండికెత్తే ముందురోజు దేవదానం వచ్చాడు. చిన్న సుత్తి చేతికి తీసుకుని, ఆంజనేయుడికి తన లెక్కలో ఒక దండం లాంటిది పెట్టి, పీఠం మీద మెల్లగా ఒకటి తట్టాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "పలుకుతాందప్పా" అన్నాడు. పాత విగ్రహాన్ని ఆ ఊరివాళ్లు ఏట్లో కలిపారు.

ఆ తర్వాత పదేళ్లు, నంద్యాల పోయినప్పుడల్లా ఆ ఎక్స్‌రే గది దగ్గర దిగేవాణ్ణి. టీ తాగేవాళ్లం, నిలబడే. అప్పటికి ఆయనది ఒక పద్ధతి అయిపోయింది. బయట ఎంతమంది తిట్టుకుంటున్నా సరే, కదిలిన ఫిల్మును గది దాటనిచ్చేవాడు కాదు. "ఇంకోసారి పండుకోప్పా, నాకు మనసొప్పలే" అనేవాడు. చెప్పాల్సిన మాట నా నాలుక మీదికి వందసార్లు వచ్చింది. ఆయనకు తెలుసులే అనుకుని మింగేసేవాణ్ణి. తెలిసే ఉంటుంది. తెలియడం వేరు, నేను చెప్పడం వేరు. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం గుండెనొప్పి వచ్చి రెండు రోజుల్లోనే పోయాడు. నాకు కబురందేసరికి మట్టి కూడా చేసేశారు. నెల తర్వాత ఆయన భార్య సుగుణమ్మ గారు ఆళ్లగడ్డ వచ్చి, ఈ ఖాకీ కవరు నా చేతిలో పెట్టి వెళ్లింది. అన్నేళ్లూ చీకటి గదిలో మేకుకు వేలాడుతూ ఉండేదట.

ఇప్పటికీ నా కొట్టం నుంచి బొమ్మ కదిలే ముందు, కొన్నవాళ్ల చేతికి చిన్న సుత్తి ఇస్తాను, "మీరే తట్టి వినండప్పా" అని. కొందరు నవ్వుతారు, కొందరు భయపడతారు. వినకుండా మాత్రం పంపను. ముసురు పట్టినప్పుడు నా తుంటి లాగుతుంది. ఎముక తీసిన చోట నొప్పి ఉంది గానీ, పూడ్చిన చోట ఏనాడూ లేదు.

మొన్న ఆ ఫిల్మును తుడిచి కిటికీ వెలుతురుకెత్తాను. మసక పూసలు, చెదిరిన గుండ్రం, ఆనాటి నా కుదురులేనితనం. కవరు మీద దేవదానం చేతిరాత ఉంది, సిరా వెలిసింది గానీ చదవడానికొస్తుంది: "కదిలింది. తెలిసీ మళ్లీ తియ్యలేదు." కింద ఆయన సంతకం. వాసన వస్తోంది పారెయ్యమని మా ఆవిడ గొణుగుతూనే ఉంది. నేను కలం తెచ్చుకుని, ఆయన సంతకం కింద మిగిలిన జాగాలో రాశాను: "కదిలింది నేను. అడిగితే కాదన్నాను." నా పేరు కూడా రాసి, సిరా ఆరేదాకా కదలకుండా కూర్చున్నాను.